ఇంటి కంప్యూటర్‌లో ఈమెయిల్, 4వ పాఠం: రెండు ముప్పైలు

ఈసారి ఫిల్టర్ల గురించి చెప్తానని మాటిచ్చాను. దాన్ని వచ్చే పాఠానికి జరుపుతున్నాను. మూడో పాఠం చదివి చేసినవాళ్లలో నలుగురికి పాత ఉత్తరాలు కనబడకుండా పోయాయి. అందులో ఇద్దరికి ఫోన్‌లో కూడా పోయాయి. ఇందుకూరుపేట వైపు రొయ్యల మేత వ్యాపారం చేసే ఒకాయన పొద్దున్నే ఫోన్ చేసి, "ఏంది సార్ ఇట్టయింది, మూడేళ్ల బిల్లులన్నీ పోయినాయి" అన్నాడు. ఆయన చేసిన తప్పేమీ లేదు. నేను రాసిన వాక్యమే సరిగా లేదు.

మనం ఉత్తరాలు చూసుకునే థండర్‌బర్డ్ ప్రోగ్రాం గురించి నేను రాసింది ఇది: "సింక్రొనైజేషన్ అండ్ స్టోరేజ్ పేజీలోకి వెళ్లి 30 రోజులు పెట్టుకోండి." ఆ పేజీలో రోజులు నింపే గళ్లు రెండున్నాయి. ఏ గడిలో పెట్టాలో నేను చెప్పలేదు. పైదానిలో పెట్టినవాళ్లకు అంతా బాగుంది. కింది గడిలో పెట్టినవాళ్లకు ముప్పై రోజులు దాటిన ఉత్తరాలు తుడిచిపెట్టుకుపోయాయి. అందుకే ఈ పాఠమంతా ఆ పేజీ మీదే.

ముందుగా ఒక పని చేయండి, మిగతాది తర్వాత చదవొచ్చు. థండర్‌బర్డ్ తెరిచి, ఎడమవైపు మీ ఖాతా పేరు మీద కుడి క్లిక్ చేసి సెట్టింగ్స్ ఎంచుకోండి. సింక్రొనైజేషన్ అండ్ స్టోరేజ్‌లోకి వెళ్లండి. పేజీ కింది సగంలో డిస్క్ స్పేస్ కింద మూడు వరసలుంటాయి. "డోంట్ డిలీట్ ఎనీ మెసేజెస్" అన్న మొదటి వరస దగ్గరే చుక్క ఉండాలి. "డిలీట్ మెసేజెస్ మోర్ దేన్" అన్నదాని దగ్గర ఉంటే వెంటనే మార్చేయండి. రెండో ఖాతా ఉంటే దానికి కూడా విడిగా చూడాలి, ఒకదాంట్లో మారిస్తే ఇంకోదాంట్లో మారదు.

ఇప్పుడు ఆ రెండు ముప్పైల సంగతి.

పైన ఉన్నది "సింక్రొనైజ్ ది మోస్ట్ రీసెంట్ 30 డేస్". గత ముప్పై రోజుల ఉత్తరాలను పూర్తిగా ఈ కంప్యూటర్‌లోకి తెచ్చిపెట్టు అని దానర్థం. పాతవి ఎక్కడికీ పోవు. వాటి పేర్లు, తేదీలు జాబితాలో కనబడుతూనే ఉంటాయి, నొక్కితే నెట్ నుంచి అప్పటికప్పుడు తెచ్చి చూపిస్తుంది. నెట్ లేనప్పుడు మాత్రం పాతవి తెరుచుకోవు.

కింద ఉన్నది "డిలీట్ మెసేజెస్ మోర్ దేన్ 30 డేస్ ఓల్డ్". ముప్పై రోజులు దాటినవాటిని తీసెయ్ అని. ఎక్కడ్నుంచి తీసేయాలి? ఆ మూడు వరసల పైనున్న వాక్యంలోనే రాసుంది, కంప్యూటర్‌లో ఉన్న నకలుతో పాటు సర్వర్‌లో, అంటే మీ ఉత్తరాలు దాచే మెయిల్ కంపెనీ కంప్యూటర్‌లో, ఉన్న అసలు కూడా శాశ్వతంగా పోతుందని. ఆ అక్షరాలు చిన్నవి. ఎవరూ చదవరు. రెండూ ఒకే పేజీలో, రెండూ రోజుల లెక్కతో, ఒకదాని కింద ఒకటి ఉండటం నాకు ఎన్నేళ్లుగానో మింగుడుపడని విషయం. చోటు ఆదా చేసే మీటను, ఉన్నదంతా చెరిపే మీటను పక్కపక్కన పెట్టకూడదు.

సోమశిల చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. పెన్నా మీద 78 టీఎంసీల జలాశయం అది. మీ చేనుకు కావలసింది ఒక పిల్లకాలవ నీళ్లు. పై ముప్పై, మీ కాలవలోకి ఎంత వదలాలో చెప్తుంది. డ్యాములో నీళ్లు డ్యాములోనే ఉంటాయి. కింది ముప్పై డ్యాము గేట్లెత్తి నీళ్లను సముద్రం పాలు చేస్తుంది. అప్పుడు మీ కాలవ ఒక్కటే కాదు, ఆ డ్యామును నమ్ముకున్న కాలవలన్నీ ఎండిపోతాయి. మీ ఫోను, ఇంకో ఊళ్లో ఉన్న మీ అబ్బాయి ల్యాప్‌టాప్, బ్రౌజర్‌లో తెరిచే పేజీ, అన్నీ ఆ కాలవలే.

ఉత్తరాలను సర్వర్‌లోనే ఉంచి చూపించే ఐమ్యాప్ పద్ధతి అంటే ఇదేనని రెండో పాఠంలో చెప్పాను, కానీ అనుభవంలోకి రాలేదని ఇప్పుడు తెలిసింది. ఒంగోలు నుంచి ఒకావిడ అడిగారు: "ఫోన్‌లో ఒకటి, కంప్యూటర్‌లో ఒకటి ఉంటుంది కదండీ, కంప్యూటర్‌లోది తీసేస్తే ఫోన్‌లోది ఎందుకు పోయింది?" చాలామంది అనుకునేది అదే. పోస్టులో వచ్చిన కాగితాన్ని జిరాక్స్ తీయించి రెండిళ్లలో పెట్టుకున్నట్టు ఊహించుకుంటారు. నిజానికి ఉన్న కాగితం ఒక్కటే. అది సర్వర్‌లో ఉంది. ఫోనూ కంప్యూటరూ ఒకే గదికి ఉన్న రెండు కిటికీలు.

కొన్ని ఉదాహరణలు చెప్తాను, ఒక్కొక్కటి మనసులో చేసి చూసుకోండి. కంప్యూటర్‌లో ఒక ఉత్తరం తెరిచి చదివారు, ఫోన్‌లో అది చదివినట్టే కనబడుతుంది. కంప్యూటర్‌లో కరెంటు బిల్లులు అని కొత్త ఫోల్డర్ చేశారు, ఫోన్‌లో కూడా వస్తుంది. ఫోన్‌లో డిలీట్ కొట్టారు, కంప్యూటర్‌లో కూడా చెత్తబుట్టలోకి వెళ్తుంది. కంప్యూటర్‌లో షిఫ్ట్ పట్టుకుని డిలీట్ కొట్టారు, చెత్తబుట్టలోకి కూడా వెళ్లకుండా పోతుంది. ఆ షిఫ్ట్ అలవాటు ఉన్నవాళ్లు దయచేసి మానుకోండి.

మరి థండర్‌బర్డ్‌నే కంప్యూటర్ నుంచి తీసేస్తే? సర్వర్‌లో ఏమీ కాదు. ఖాతా సెట్టింగ్స్‌లో రిమూవ్ అకౌంట్ నొక్కితే? ఐమ్యాప్ ఖాతా అయితే అప్పుడూ సర్వర్‌లో ఏమీ కాదు, కిటికీ మూసుకుపోతుంది అంతే. జనం భయపడేది ఈ రిమూవ్ అకౌంట్‌కి, భయపడనిది డిలీట్‌కి. తిరగేసి భయపడాలి. పాప్ పద్ధతిలో, అంటే ఉత్తరాలను సర్వర్ నుంచి కంప్యూటర్‌లోకి దింపేసుకునేలా, పెట్టుకున్నవాళ్లు మాత్రం రిమూవ్ అకౌంట్ దగ్గర ఆగండి. మీ ఉత్తరాలు ఈ కంప్యూటర్‌లో తప్ప ఇంకెక్కడా లేకపోయే అవకాశం ఉంది.

పోయినవాటిని వెనక్కి తెచ్చుకోవడం ఎలా? మీ ఖాతా ఏదన్నదాన్ని బట్టి ఉంటుంది.

జీమెయిల్ వాళ్లకు చాలావరకు ఊరట ఉంది. బయటి ప్రోగ్రాం ఇన్‌బాక్స్ నుంచి ఒక ఉత్తరాన్ని తుడిచేస్తే, జీమెయిల్ మామూలుగా దాన్ని పారేయదు. ఇన్‌బాక్స్ అన్న చీటీని మాత్రం పీకేసి ఆల్ మెయిల్‌లో ఉంచుతుంది. జీమెయిల్‌లో ఫోల్డర్లు నిజమైన ఫోల్డర్లు కావు, ఉత్తరానికి అంటించిన చీటీలు. అందుకే ఒకే ఉత్తరం రెండు చోట్ల కనబడుతుంది. బ్రౌజర్‌లో జీమెయిల్ తెరిచి, ఎడమవైపు మోర్ నొక్కి, ఆల్ మెయిల్‌లో వెతకండి. దొరికినవి ఎంచుకుని మూవ్ టు ఇన్‌బాక్స్ నొక్కండి. అక్కడ లేకపోతే ట్రాష్ చూడండి. ట్రాష్‌లో 30 రోజులే ఉంటాయి, ఈ పని ఆదివారం దాకా వాయిదా వేయకండి. ఒంగోలు ఆవిడకు పెన్షన్ కాగితాలు, అమెరికాలో ఉన్న కొడుకు పంపిన ఫోటోలు అన్నీ ఆల్ మెయిల్‌లోనే దొరికాయి.

సొంత పేరుతో హోస్టింగ్ కంపెనీ (సర్వర్‌లో చోటు అద్దెకిచ్చేవాళ్లు) దగ్గర మెయిల్ పెట్టుకున్న వ్యాపారస్తులకు ఈ ఊరట లేదు. రొయ్యల మేత ఆయనది అదే. ఆయన్ని కాపాడింది అల్మారాలో రెండు నెలలుగా మూసి ఉన్న పాత ల్యాప్‌టాప్. దానిలోనూ థండర్‌బర్డ్ ఉంది, అదే ఖాతా ఉంది, ఉత్తరాలన్నీ దాని డిస్క్ మీదకు దిగి ఉన్నాయి. సర్వర్‌లో తుడుపు జరిగిన సంగతి దానికింకా తెలియదు. తెరిచిన వెంటనే నెట్ అందితే తెలిసిపోతుంది, అప్పుడు అక్కడా తుడిచేస్తుంది. అందుకని ముందు ఇంట్లో వైఫై రూటర్ స్విచ్ ఆపించాను. ఫోన్‌లో హాట్‌స్పాట్ కూడా ఆపమన్నాను. తర్వాత ల్యాప్‌టాప్ తెరిచి, థండర్‌బర్డ్‌లో ఫైల్ మెనూలోకి వెళ్లి ఆఫ్‌లైన్, వర్క్ ఆఫ్‌లైన్ పెట్టించాను. ఇన్‌బాక్స్‌లో కంట్రోల్ పట్టుకుని ఏ నొక్కితే అన్నీ ఎంపికవుతాయి. కుడి క్లిక్ చేసి కాపీ టు, లోకల్ ఫోల్డర్స్, అందులో ముందే చేసిపెట్టుకున్న పాతవి అన్న ఫోల్డర్. అరగంట పట్టింది. మూడేళ్ల బిల్లులూ వచ్చాయి.

మీకూ ఇలా జరిగితే ఇంట్లో ఇంకో కంప్యూటర్ ఉందేమో గుర్తు చేసుకోండి. ఉంటే దాన్ని తెరవకముందే నెట్ ఆపండి. లేకపోతే హోస్టింగ్ వాళ్లకు ఆరోజే ఫోన్ చేసి బ్యాకప్ అడగండి.

లోకల్ ఫోల్డర్స్ అన్నాను కదా, ఈ పాఠంలో పట్టుకోవలసింది అదే. ఎడమవైపు ఖాతాల కింద, అన్నిటికంటే చివర ఉంటుంది. ఖాతా పేరు కింద ఉన్న ఫోల్డర్లన్నీ సర్వర్‌వి. లోకల్ ఫోల్డర్స్ కింద ఉన్నవి మాత్రం మీ డిస్క్‌వి, సర్వర్‌కి వాటి ఊసే తెలియదు. ముఖ్యమైన ఉత్తరాన్ని అక్కడికి కాపీ చేసుకుంటే అప్పుడు మీకు నిజంగా రెండు కాగితాలున్నట్టు. కాపీ టు అని గుర్తుపెట్టుకోండి, దాని పక్కనే మూవ్ టు ఉంటుంది. మూవ్ టు అంటే సర్వర్ నుంచి తీసి ఇక్కడ పెట్టడం, మళ్లీ కాగితం ఒక్కటే అవుతుంది. మౌస్‌తో పట్టి లాగడం నేను చేయను, మిమ్మల్నీ చేయొద్దంటాను. ఏది జరిగిందో కంటికి తెలియదు. కుడి క్లిక్‌లో అయితే మాట చదివి నొక్కుతాం.

నేను ఏడాదికో ఫోల్డర్ చేస్తాను. 2023, 2024, 2025 అని. పంపినవారి పేరుతోనో పనిని బట్టో విడగొట్టేవాళ్లున్నారు, నాకది నచ్చదు. వెతుకుడు గడి ఉండగా అన్ని ఫోల్డర్లెందుకు?

ఆ డిస్క్ పాడైతే లోకల్ ఫోల్డర్స్ కూడా పోతాయి కాబట్టి నెలకోసారి పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాలి. హెల్ప్ మెనూలో ట్రబుల్‌షూటింగ్ ఇన్ఫర్మేషన్ తెరిస్తే ప్రొఫైల్ ఫోల్డర్ అని ఒక వరస, పక్కన ఓపెన్ ఫోల్డర్ అని మీట ఉంటుంది. అది నొక్కితే మీ సామానంతా ఉన్న ఫోల్డర్ తెరుచుకుంటుంది. థండర్‌బర్డ్ మూసేసి, ఒక మెట్టు పైకి వెళ్లి, ఆ ఫోల్డర్‌ను మొత్తంగా కాపీ చేయండి. టూల్స్‌లో ఎక్స్‌పోర్ట్ అని కూడా ఉంది, కానీ 2 జీబీ దాటిన ప్రొఫైల్‌ని అది కట్టివ్వలేదు. అందుకే నేను చేత్తోనే చేస్తాను.

పోయిన పాఠం నుంచి మిగిలిన చిన్న చిక్కులు రెండు. జీమెయిల్ పాస్‌వర్డ్ సరిగ్గా కొట్టినా తప్పంటోందని కొందరన్నారు. మామూలు పాస్‌వర్డ్‌తో బయటి ప్రోగ్రాములు లోపలికి రావడాన్ని గూగుల్ 2022 మే 30 నుంచి ఆపుతూ వచ్చింది. సర్వర్ సెట్టింగ్స్‌లో ఆథెంటికేషన్ మెథడ్ దగ్గర ఓఆథ్2 పెట్టండి. గూగుల్ పేజీ తెరుచుకుంటుంది, అక్కడ లాగిన్ అయితే సరి. ఉత్తరాలు పంపే సర్వర్‌కి కూడా అదే మార్పు విడిగా చేయాలి. పోర్ట్ అన్న గడిలో ఐమ్యాప్‌కి 993, పంపడానికి 465, ఈ అంకెలు మార్చకండి. ఇంకొకరు విండోస్‌తో వచ్చిన పాత మెయిల్ యాప్‌లో ఉత్తరాలు వెళ్లడం లేదన్నారు. దానికి మైక్రోసాఫ్ట్ 2024 డిసెంబర్ 31తో మద్దతు ఆపేసింది, దాని మీద టైమ్ పెట్టకండి.

అభ్యాసం ఈసారి కాస్త బరువైనదే. రెండు సాయంత్రాలు తీసుకోండి.

మొదటి సాయంత్రం: మీ ఖాతా నుంచి మీకే పరీక్ష అన్న పేరుతో మూడు ఉత్తరాలు పంపుకోండి. ఫోన్ పక్కన పెట్టుకోండి. మొదటిదాన్ని కంప్యూటర్‌లో డిలీట్ చేసి ఫోన్‌లో ఏమైందో చూడండి, తర్వాత ట్రాష్ నుంచి వెనక్కి తెచ్చి మళ్లీ ఫోన్‌లో చూడండి. రెండోదాన్ని లోకల్ ఫోల్డర్స్‌లోకి కాపీ చేసి, ఇన్‌బాక్స్‌లోది ఫోన్ నుంచి డిలీట్ చేయండి. మూడోదాన్ని మూవ్ టు తో లోకల్ ఫోల్డర్స్‌లోకి పంపి ఫోన్‌లో వెతకండి. ప్రతిసారీ ఏం జరుగుతుందో ముందు కాగితం మీద రాసి, ఆ తర్వాతే చూడండి.

రెండో సాయంత్రం: గతేడాది ఉత్తరాలన్నిటినీ ఆ ఏడాది పేరుతో లోకల్ ఫోల్డర్‌లోకి కాపీ చేయండి. నెట్ ఉండగానే చేయాలి, పాతవి సర్వర్ నుంచి దిగాలి కాబట్టి. వేలల్లో ఉంటే మూడేసి నెలలుగా చేయండి. మీరు ఎంపిక చేసిన లెక్క, లోకల్ ఫోల్డర్‌లోకి చేరిన లెక్క రెండూ రాసుకోండి, సమానంగా ఉండాలి. అయ్యాక రూటర్ ఆపి, ఆ ఫోల్డర్‌లో పీడీఎఫ్ జతచేసి ఉన్న ఉత్తరాలు ఒక అయిదు తెరవండి. అయిదింటిలోనూ పీడీఎఫ్ తెరుచుకోవాలి. ఒక్కటి తెరుచుకోకపోయినా, రూటర్ వేసి ఆ మూడు నెలలవీ మళ్లీ కాపీ చేయండి.