అపార్ నంబరు, డిజిటల్ మార్కుల జాబితా: తిరుపతి, చిత్తూరు విద్యార్థులకు దరఖాస్తు విధానం

పరీక్షల విభాగంలో ఒకప్పుడు గుమాస్తా పెద్ద లెడ్జరు తెరిచి, హాల్‌టికెట్ నంబరు కింద స్కేలు పెట్టి, పేరు చదివి టిక్కు కొట్టేవారు. శ్రీనివాసులు అన్న పేరును ఇంగ్లిషులో ఎవరు ఎలా రాసినా ఆయనకు శ్రీనివాసులే. ఇప్పుడు ఆ సరిపోల్చే పని సాఫ్ట్‌వేర్ చేస్తోంది. దానికి అక్షరాలు తప్ప మనిషి తెలియదు. అందుకే విద్యార్థి చదువు రికార్డులన్నిటినీ ఒకచోట కలిపే శాశ్వత గుర్తింపు సంఖ్య అయిన అపార్ కోసం పెట్టే ఈ దరఖాస్తులో సగం పని ఫోను ముట్టుకోకముందే చేసుకోవాలి.

పదో తరగతి మార్కుల జాబితా, ఆధార్, కళాశాల ప్రవేశ పత్రం పక్కపక్కన పెట్టి పేరు, పుట్టిన తేదీ అక్షరం అక్షరం చూడండి. మనవాళ్లకు చిక్కంతా ఇంటిపేరుతోనే. ఒక పత్రంలో అది పూర్తిగా ముందుంటుంది, మరోదాంట్లో పొడి అక్షరమై చివరికి పోతుంది. లక్ష్మి ఒకచోట 'కె ఎస్ హెచ్'తో, ఇంకోచోట 'ఎక్స్'తో ఉంటుంది. తేడా కనిపిస్తే పదో తరగతి పత్రం ప్రకారం ఆధార్‌ను మార్పించుకోవడమే దగ్గరి దారి. అయితే ఆధార్‌లో పేరును 2 సార్లు, పుట్టిన తేదీని ఒక్కసారి మాత్రమే మార్చుకోనిస్తారు. కేంద్రంలో ఆపరేటర్ మీట నొక్కేముందు తెర మీ వైపు తిప్పమని అడిగి చదవండి, మొహమాటపడకండి. పదో తరగతి పత్రంలోనే తప్పుంటే చదివిన పాఠశాల ప్రధానోపాధ్యాయుడి ద్వారా ప్రభుత్వ పరీక్షల విభాగానికి దరఖాస్తు పెట్టాలి. దానికి సమయం పడుతుంది కాబట్టి చివరి సెమిస్టరు దాకా ఆగవద్దు.

పాత పత్రాల్లో చిత్తూరు జిల్లా అని ఉందని మాత్రం కంగారుపడనక్కర్లేదు. తిరుపతి జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. సరిపోల్చేది పేరు, పుట్టిన తేదీ వంటి వివరాలను, జిల్లాను కాదు.

ఇక దరఖాస్తు. పత్రాలను ఆన్‌లైన్‌లో దాచిపెట్టే ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లో ఆధార్‌తో ఖాతా తెరిచి, 6 అంకెల పిన్ పెట్టుకోండి. అపార్ అని వెతికి, మీ విశ్వవిద్యాలయం, చేరిన సంవత్సరం, రిజిస్ట్రేషన్ లేదా రోల్ నంబరు ఇస్తే 12 అంకెల సంఖ్య వస్తుంది. ఓటీపీ మాత్రం ఆధార్‌కు ముడిపడిన ఫోనుకే వెళ్తుంది. యూనివర్సిటీ గేటు దగ్గరి జిరాక్స్ కొట్టులో ఒకమ్మాయిని చూశాను. ఓటీపీ పుత్తూరులో వాళ్ల నాన్న ఫోనుకు పోయింది. ఆయన బండి మీద ఉన్నారు. ఫోను ఎత్తి అంకెలు చదివేసరికి గడువు తీరిపోయింది, మళ్లీ మొదటికే వచ్చింది. ఇంట్లోవాళ్లు పక్కనున్నప్పుడు కూర్చోండి, లేదా ఆధార్‌లో మీ నంబరే పెట్టించుకోండి.

వచ్చిన సంఖ్యను కళాశాల కార్యాలయంలో రాతపూర్వకంగా ఇవ్వండి. విశ్వవిద్యాలయం ఫలితాల ఫైలును వరుసలుగా డిజిలాకర్‌లోకి ఎక్కిస్తుంది. ఒక్కో వరుసలో ఒక్కో విద్యార్థి పేరు, నంబరు, మార్కులు, అపార్ సంఖ్య ఉంటాయి. వివరాలు కలవని వరుస ఎక్కకుండా ఆగిపోతుంది. మీ మార్కులు డిజిలాకర్‌లో కనిపించకపోతే ముందుగా అనుమానించాల్సింది దాన్నే. కార్యాలయంలో 'మార్కులు రాలేదు' అనకుండా, ఏ అక్షరం కలవలేదో చూపే రెండు పత్రాల నకళ్లతో వెళ్తే పని తెములుతుంది.

డిజిలాకర్‌లో విశ్వవిద్యాలయం జారీచేసిన పత్రం 2016 నాటి ఐటీ నిబంధనల ప్రకారం అసలు పత్రంతో సమానం. ఉద్యోగమిచ్చే సంస్థకు దాన్నే పంపవచ్చు. మీరే స్కాన్ చేసి ఎక్కించుకున్న ఫోటోకు ఆ విలువ లేదు. చాలామంది పొరబడేది ఇక్కడే.

పాత బ్యాచ్‌ల సంగతి వేరు. ఎస్వీ విశ్వవిద్యాలయం మొదలైంది 1954లో. ఒకే ఇంట్లో తాత, తండ్రి, మనవరాలు అక్కడి పట్టభద్రులైన కుటుంబాలు ఉన్నాయి. డిజిలాకర్‌లో వెతికినా పత్రం దొరకనివారు పరీక్షల విభాగానికే ధ్రువపత్ర పరిశీలన కోరుతూ దరఖాస్తు చేయాలి. మార్కుల జాబితాల నకళ్లు, రుసుము కట్టిన రసీదు జతచేసి, హాల్‌టికెట్ నంబరు, ఉత్తీర్ణులైన నెల, సంవత్సరం పైన పెద్దగా రాయండి. లెడ్జరులో వెతికేవారికి కావలసింది ఆ మూడే.