లెన్స్ రావట్లేదు, మండుతోంది, కనిపించట్లేదు: ఎందుకలా, ఏం చేయాలి

నాది మైనస్ 5.5 పవర్, తొమ్మిదేళ్లుగా నెలవారీ సాఫ్ట్ కాంటాక్ట్ లెన్సులే వాడుతున్నా. కొత్తగా మొదలుపెట్టినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేవి ఇవే, అందుకే ఒకచోట రాస్తున్నా.

లెన్స్ ఎంత లాగినా రావట్లేదు

ముందు అసలు అది కంట్లో ఉందో లేదో చూసుకోండి. మా చెల్లి ఓసారి పెళ్లి నుంచి వచ్చి రాత్రి ఒంటిగంటకి అద్దం ముందు నిలబడి గిల్లుతూనే ఉంది, కన్ను మందారప్పువ్వులా ఎర్రబడిపోయింది. రెండో కన్ను మూసి గోడ మీద క్యాలెండర్ చూడవే అంటే అంకెలు మసకమసకగా ఉన్నాయంది. అంటే లెన్స్ ఎప్పుడో పడిపోయింది, తర్వాత చీర కుచ్చిళ్లలో ఎండిపోయి గాజుపెంకులా దొరికింది. అప్పటిదాకా తను గిల్లింది కంటి పొరని!

నిజంగా ఉండి రాకపోతే కారణం దాదాపుగా ఎండిపోవడమే. రోజంతా ఏసీ, కంప్యూటర్, బండి మీద గాలి, లేదా పెట్టుకునే నిద్రపోవడం. లెన్స్ వాడేవాళ్ల చుక్కల మందు మూడు నాలుగు చుక్కలు వేసి కళ్లు మూసుకుని ఓ పది నిమిషాలు కూర్చోండి, రెప్ప మీద మెల్లగా నిమరండి, రెప్ప ఆర్పినప్పుడు లెన్స్ కదులుతోంటేనే చెయ్యి పెట్టండి. కదలకపోతే మళ్లీ చుక్కలు. తీసేటప్పుడు పైకి చూస్తూ వేలితో లెన్స్‌ని కిందకి, తెల్లగుడ్డు మీదకి జరిపి, వేళ్ల కండతో పట్టుకోవాలి, గోళ్లతో కాదు. చేతులు కడుక్కుని బాగా తుడుచుకోండి, తడి వేళ్లకి జారిపోతుంది.

కంటి వెనక్కి వెళ్లిపోయింది

వెళ్లదండీ, నిజంగా. తెల్లగుడ్డుని కప్పే పొర మడతపడి రెప్ప లోపలికి అతుక్కుని ఉంటుంది కాబట్టి వెనక్కి దారే లేదు. చాలాసార్లు పై రెప్ప కింద ముడుచుకుని ఉంటుంది. చుక్కలు వేసి, కిందకి చూస్తూ, పై రెప్పని పైనుంచి కిందకి నిమిరితే జారి వస్తుంది. రాకపోతే డాక్టర్ క్షణంలో తీసేస్తారు, మీరు పొడవకండి.

పెట్టగానే మంట

మన ఇళ్లలో మొదటి అనుమానం మిరపకాయ మీదే. కారం నూనెలో కరుగుతుంది, నీళ్లకి సరిగ్గా పోదు, అందుకే ముందు చేతులకి కాస్త వంటనూనె రాసి, తర్వాత గిన్నెల సబ్బుతో కడగాలి. అయినా పొద్దున లెన్స్ పెట్టుకున్నాకే మిరపకాయలు ముట్టుకోవడం మేలు, ఆవకాయ పెట్టే రోజున మాత్రం కళ్లద్దాలే. కారం అంటిన లెన్స్ తీసి పారేయండి.

వాసన సబ్బు కూడా మండిస్తుంది. ఇంకొకటి, లెన్సులు నానబెట్టే సొల్యూషన్లలో పెరాక్సైడ్ రకం. అది దాని ప్రత్యేకమైన కేస్‌లోనే, డబ్బా మీద రాసినంత సేపు (మామూలుగా 6 గంటలు) నానితేనే కంటికి సరిపడేలా మారుతుంది. పొరపాటున నేరుగా కంట్లో పడితే వెంటనే లెన్స్ తీసేసి, కన్ను శుభ్రమైన నీళ్లతో బాగా కడిగి, డాక్టర్ దగ్గరికి.

ఏదో గుచ్చుతోంది

తిరగబడి ఉంటుంది. వేలి కొన మీద పెట్టి పక్కనుంచి చూడండి, గిన్నెలా ఉంటే సరైనది, అంచులు పళ్లెంలా బయటికి వాలితే తిరగేసినట్టు. నలుసు అయినా కావచ్చు, తీసి సొల్యూషన్‌తో కడిగి పెట్టండి. అంచు చిరిగితే ఎంత ఖరీదైనా పారేయాల్సిందే.

సింకులో పడింది

కొళాయి నీళ్లతో కడిగి పెట్టేసుకుంటారు చాలామంది, దయచేసి అది చేయకండి. బోరు నీళ్లైనా ఫిల్టర్ నీళ్లైనా సరే, నీళ్లలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండొచ్చు, అది నల్లగుడ్డుకి పడితే నెలల తరబడి మందులు వేయాలి, చూపే పోవచ్చు. నేనైతే ఆ లెన్స్ పారేస్తా. ఇదే కారణంతో లెన్స్‌తో స్నానం, ఈత వద్దు, కేస్‌ని కూడా సొల్యూషన్‌తోనే కడిగి, బోర్లించి ఆరబెట్టి, మూడు నెలలకోసారి మార్చేయాలి. నిన్నటి సొల్యూషన్ మీదే కొత్తది పోసేయడమూ తప్పే.

తీసేశాక కూడా నొప్పి, ఎరుపు తగ్గట్లేదు

ఇదే కాదు, వెలుగు చూడలేకపోవడం, చూపు మసకబారడం, నల్లగుడ్డు మీద తెల్లమచ్చ, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆ రోజే కంటి డాక్టర్‌ని కలవండి, రేపు చూద్దాంలే అనుకోవద్దు. మెడికల్ షాపులో అడిగి చుక్కలు తెచ్చుకోకండి, వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఇన్ఫెక్షన్ ఇంకా ముదురుతుంది. వెళ్లేటప్పుడు లెన్సులూ కేసూ కడక్కుండా అలాగే పట్టుకెళ్లండి, అవసరమైతే వాటిని ల్యాబ్‌లో పరీక్ష చేయిస్తారు.