యాప్ స్టోర్ కోసే కమీషన్‌పై కొట్లాట: గేమ్ చేసేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి

ఎనుమాముల మార్కెట్‌లో పత్తి అమ్మిన రైతు ముందు అడిగేది తక్‌పట్టీ. తూకం ఎంత, ధర ఎంత, కోత ఎంత, అన్నీ అందులోనే ఉంటాయి. అది చూడకుండా అడ్తిదారుతో ఎవరూ కొట్లాటకు దిగరు. గూగుల్ ప్లే, యాపిల్ యాప్ స్టోర్లలో గేములు అమ్మే డెవలపర్లు మాత్రం దిగుతారు. "స్టోరు ముప్పై శాతం తినేస్తోంది" అనడం తేలిక. ఏ నెల, ఏ అమ్మకం, ఏ రేటు అని అడిగితే చూపించడానికి కాగితం ఉండదు. వరంగల్, హన్మకొండ, కాజీపేటల్లో ఇద్దరు ముగ్గురు కలిసి గేమ్ నడుపుతుంటే, లాయర్ దగ్గరికి పోయే ముందు చేయాల్సిన పని చాలా ఉంది. అందులో సగం పని లెక్కలదే.

ముందు మీ తక్‌పట్టీ తీయండి

గూగుల్ డెవలపర్లకు ఇచ్చే ప్లే కన్సోల్‌లో రిపోర్టుల డౌన్‌లోడ్ విభాగంలోకి వెళ్లి, ఫైనాన్షియల్ కింద ఎర్నింగ్స్ రిపోర్టును నెలకొకటి చొప్పున దింపుకోండి. పక్కనే ఎస్టిమేటెడ్ సేల్స్ అని ఇంకో రిపోర్టు ఉంటుంది. అది అంచనా మాత్రమే, తగాదాకు పనికిరాదు. ఎర్నింగ్స్ ఫైల్‌లో ఒక్కో లావాదేవీకి వేర్వేరు వరుసలు ఉంటాయి: 'చార్జ్' అంటే ఆటగాడు కట్టింది, 'గూగుల్ ఫీ' అంటే కమీషన్. ట్యాక్స్‌కు వేరే వరుస. రీఫండ్ ఇస్తే చార్జ్ రీఫండ్, ఫీ రీఫండ్ అని మరో రెండు. ఒకే ఆర్డర్ నంబర్ మీదున్న చార్జ్‌నూ ఫీనీ జతచేసి, ఫీని చార్జ్‌తో భాగించండి. 0.15 రావాలా, 0.30 రావాలా అన్నది అక్కడే తేలుతుంది.

లెక్క తప్పేది ఎక్కువగా మూడు చోట్ల. రీఫండ్ వరుసలు వదిలేసి కూడితే కమీషన్ శాతం తప్పుగా వస్తుంది. విదేశీ ఆటగాళ్లు డాలర్లలో, యూరోల్లో కట్టిన వరుసలను రూపాయిలతో కలిపి కూడితే అంకెకు అర్థమే ఉండదు. మీ ఖాతా కరెన్సీ కాలమ్‌నే వాడాలి. మూడోది పన్ను. టీడీఎస్, టీసీఎస్ ఏమైనా కట్ అయి ఉంటే అది కమీషన్ కాదు. ఒకటి ఆదాయపన్ను పోర్టల్‌లో, ఇంకోటి జీఎస్టీ పోర్టల్‌లో మీ పేరు మీద కనపడాలి. వీటిని కూడా స్టోరు ఖాతాలో వేసి "35 శాతం కోశారు" అని రాస్తే, అవతలి లాయరు మీ మొదటి పేజీతోనే ఆడుకుంటాడు.

ఇక రేటు. రెండు స్టోర్లూ 2021 నుంచి చిన్నవాళ్లకు 15 శాతం రేటు ఇస్తున్నాయి: యాపిల్‌లో జనవరి 1 నుంచి, గూగుల్‌లో జులై 1 నుంచి. హద్దు ఏడాదికి 10 లక్షల డాలర్లు, అంటే 8 కోట్ల రూపాయల పైమాటే. మన ఊళ్లో రెండు గదుల్లో నడిచే టీములన్నీ ఆ హద్దుకు లోపలే. కానీ ఈ రేటు దానంతటదే రాదు. గూగుల్‌లో అకౌంట్ గ్రూప్ పెట్టి, మీకు సంబంధమున్న డెవలపర్ ఖాతాలన్నీ చూపించి, షరతులకు ఒప్పుకోవాలి. యాపిల్‌లో స్మాల్ బిజినెస్ ప్రోగ్రామ్‌కు విడిగా దరఖాస్తు చేయాలి. ఇది చేయక 30 శాతం కట్టేవాళ్లకు ఉన్నది తగాదా కాదు, నింపని ఫారం. నెలకు 2 లక్షల అమ్మకం మీద 60,000 పోతుందా, 30,000 పోతుందా అన్నది ఆ ఒక్క ఫారం మీద ఆధారపడింది. స్టోర్లు రేట్లు మారుస్తుంటాయి కాబట్టి ఏ నెల ఏ రేటు అమల్లో ఉందో చూపే పేజీని అప్పుడే పీడీఎఫ్‌గా దాచండి.

మీది ఏ తగాదా?

లెక్క చూశాక మీ ఫిర్యాదు ఈ మూడింట్లో ఎక్కడో పడుతుంది. రేటు తప్పు వేశారు, లేదా డబ్బు ఆపారు: ఇది కాంట్రాక్టు తగాదా. గేమ్ తీసేశారు: ఇది ముందు కన్సోల్‌లోనే అప్పీల్. అసలు స్టోరు సొంత బిల్లింగే వాడాలని, బయట ధర తక్కువని చెప్పకూడదని బలవంతం చేస్తున్నారు: ఇది మార్కెట్లో పెత్తనాన్ని అదుపు చేసే కాంపిటీషన్ చట్టం కిందికి వస్తుంది. ఒకదాని దారిలో ఇంకోటి వేస్తే ఏళ్లు పోతాయి.

కాంట్రాక్టు దారి మనకు చాలా ఇరుకు. గూగుల్ డెవలపర్ ఒప్పందంలో కాలిఫోర్నియా చట్టం, శాంతా క్లారా కౌంటీ కోర్టులు అని రాసి ఉంటుంది. హన్మకొండ అదాలత్‌లో సివిల్ దావా వేస్తే మొదటి అభ్యంతరం అదే. బిల్లింగ్ విధానం మీదే దావా అయితే రెండో గోడ కాంపిటీషన్ చట్టం సెక్షన్ 61. ఆ చట్టం కింద ఏర్పడ్డ కాంపిటీషన్ కమిషన్ తేల్చాల్సిన విషయాల్లో సివిల్ కోర్టు వేలు పెట్టకూడదని అది చెబుతుంది. గూగుల్ బిల్లింగ్ మీద భారతీయ స్టార్టప్‌లు మద్రాస్ హైకోర్టుకు వెళ్లినప్పుడు 2023 ఆగస్టులో వాటి దావాలు కొట్టేశారు. 2024 జనవరి 19న డివిజన్ బెంచ్ కూడా అదే చెప్పింది. పెద్ద పెద్ద సీనియర్ లాయర్లు పెట్టుకున్నవాళ్లకే అలా అయింది. రిట్ వేద్దామని సలహా ఇచ్చేవాళ్లూ ఉంటారు. ప్రైవేటు కంపెనీతో వ్యాపార తగాదా మీద రిట్ సాధారణంగా నిలవదు.

ఎపిక్ చేసింది చేయకండి

2020 ఆగస్టు 13న అమెరికా కంపెనీ ఎపిక్ గేమ్స్ తన ఫోర్ట్‌నైట్ గేమ్‌లో సొంత చెల్లింపు పెట్టి, 9.99 డాలర్ల ప్యాక్‌ను 7.99కి ఇచ్చింది. యాపిల్, గూగుల్ రెండూ అదే రోజు గేమ్ తీసేశాయి. ఎపిక్ రెండింటి మీదా కోర్టుకెక్కింది. యాపిల్ కేసులో 2021 సెప్టెంబరు 10 తీర్పులో పది ఆరోపణల్లో తొమ్మిది యాపిల్ గెలిచింది. బయట కొనుక్కోవచ్చని ఆటగాళ్లకు చెప్పనివ్వకపోవడం మాత్రం కాలిఫోర్నియా చట్టానికి విరుద్ధమన్నారు. కాంట్రాక్టు మీరినందుకు, సొంత దారిలో వసూలు చేసిన దానిపై 30 శాతం, సుమారు 36.5 లక్షల డాలర్లు ఎపిక్కే కట్టాల్సి వచ్చింది. కోర్టు చెప్పాక యాపిల్ బయటి లింకుల ద్వారా జరిగే కొనుగోళ్ల మీద 27 శాతం కమీషన్ వేస్తే, 2025 ఏప్రిల్ 30న జడ్జి వైవాన్ గొంజాలెజ్ రోజర్స్ దాన్ని కోర్టు ధిక్కారంగా తేల్చారు. గూగుల్ మీద కేసు ఇంకోలా నడిచింది. 2023 డిసెంబరు 11న జ్యూరీ మొత్తం ఎపిక్ పక్షాన నిలిచింది.

ఈ గెలుపులన్నీ అమెరికా ఆటగాళ్ల వరకే. ఐదేళ్లు గేమ్ లేకుండా తట్టుకునే డబ్బు ఎపిక్‌కు ఉంది. మీ గేమ్‌లో యూపీఐ క్యూఆర్ కోడ్ దొంగచాటుగా పెడితే ఖాతానే పోతుంది. పోయిన ఖాతా పేరు మీద చెప్పుకునే ఫిర్యాదుకు బలం సగమే, ఎందుకంటే నియమం ముందు మీరిందే మీరు.

ఒప్పందానికి లోబడి కోత తగ్గించుకునే దారులు రెండున్నాయి. ఒకటి వెబ్ షాపు. ఆటగాడు తన ప్లేయర్ ఐడీతో మీ సైట్‌లో నాణేలు కొంటాడు, గేమ్‌లో దానికి బటన్, లింకు ఏదీ ఉండదు. ఆ సంగతి గేమ్ బయట, ఈమెయిల్‌లోనో యూట్యూబ్‌లోనో చెప్పుకోవచ్చు. రెండోది గూగుల్ యూజర్ చాయిస్ బిల్లింగ్, 2023 నుంచి భారత్‌లో గేములకూ ఉంది. ఆటగాడికి గూగుల్ బిల్లింగ్, మీ బిల్లింగ్ రెండూ చూపించాలి. మీ దారిలో కడితే కమీషన్ 4 పాయింట్లు తగ్గుతుంది. వినడానికి బాగుంది, లెక్క వేసి చూడండి. 2 లక్షల మీద 15 శాతం అంటే 30,000. చాయిస్ బిల్లింగ్‌లో 11 శాతం 22,000, డబ్బు వసూలు చేసిపెట్టే పేమెంట్ గేట్‌వేకు 2 శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ కలిపి 4,720, మొత్తం 26,720. మిగిలేది 3,280. అందులోంచే లావాదేవీలను గూగుల్‌కు ఏపీఐ ద్వారా తెలపడం, రీఫండ్లు, "డబ్బు కట్ అయింది, నాణేలు రాలేదు" అనే ఫోన్లు. డెవలపర్ల అసలు కోపం ఈ అంకె మీదే.

సాక్ష్యం

సంతకం పెట్టిన రోజు ఒప్పందం, తర్వాత మారిన ప్రతి వెర్షన్, మార్పు గురించి వచ్చిన ఈమెయిల్ హెడర్లతో సహా దాచండి. స్క్రీన్‌షాట్‌లో తేదీ, చిరునామా పట్టీ కనపడాలి. వాట్సాప్‌లో పంపుకున్న స్క్రీన్‌షాట్ కుదించుకుపోతుంది కాబట్టి ఒరిజినల్ ఫైలే ఉంచుకోవాలి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుకు రెండు భాగాల సర్టిఫికెట్ కావాలి. మొదటి భాగం మీది, రెండోది నిపుణుడిది. ఫైల్ హ్యాష్ విలువ, అంటే ఫైల్ మారలేదని చూపే వేలిముద్ర లాంటి అంకె, అందులో రాయాలి. దింపుకున్న రోజే ఎస్‌హెచ్‌ఏ-256 అనే పద్ధతిలో హ్యాష్ తీసి ఒక నోట్‌లో పెట్టుకోండి. సీఎస్‌వీని, అంటే స్టోరు ఇచ్చే ఆ రిపోర్టు ఫైల్‌ను, ఎక్సెల్‌లో తెరిచి ఒక్కసారి సేవ్ కొట్టినా హ్యాష్ మారిపోవచ్చు. లెక్కలకు నకలు వాడండి, అసలు ఫైల్ ముట్టుకోకండి.

కమిషన్‌కు వెళ్లడం

బిల్లింగ్ బలవంతం మీద ఫిర్యాదుకు చోటు ఢిల్లీలోని కాంపిటీషన్ కమిషన్, అంటే సీసీఐ. సెక్షన్ 19 కింద 'ఇన్ఫర్మేషన్' దాఖలు చేయాలి. వ్యక్తిగా వేస్తే ఫీజు 5,000. కంపెనీ అయితే టర్నోవర్‌ను బట్టి ఎక్కువ. తెలంగాణ ఎక్స్‌ప్రెస్ ఎక్కనక్కర్లేదు, ఆన్‌లైన్‌లో దాఖలు చేయొచ్చు. గడువు మాత్రం కచ్చితం. 2023 సవరణ తర్వాత కారణం పుట్టిన నాటి నుంచి మూడేళ్లు. ఆలస్యమైతే కారణం చూపి మాఫీ అడగాలి.

మీకే నష్టం జరిగిందని చూపనక్కర్లేదు. ఎవరైనా సమాచారం ఇవ్వొచ్చని 2020 డిసెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. యాపిల్ మీద 2021 డిసెంబరు 31న విచారణకు ఆదేశం వచ్చింది కూడా ఒక స్వచ్ఛంద సంస్థ ఫిర్యాదు మీదే. స్టోరు కక్ష కడుతుందని భయముంటే పేరు గోప్యంగా ఉంచమని అడగొచ్చు. గూగుల్ ప్లే బిల్లింగ్ కేసులో మొదటి ఫిర్యాదుదారు రికార్డుల్లో నేటికీ 'ఎక్స్‌వైజెడ్' మాత్రమే.

రాసేటప్పుడు "30 శాతం అన్యాయం" అన్న వాక్యంతో మొదలుపెట్టకండి. శాతం ఎంతుండాలో నిర్ణయించడానికి కమిషన్ తొందరపడదు. అదే గూగుల్ కేసులో 2022 అక్టోబరు 25న కమిషన్ ఇచ్చిన ఉత్తర్వు 936.44 కోట్ల జరిమానా వేసింది కానీ కమీషన్‌కు పరిమితి పెట్టలేదు. అది పట్టుకున్నది గూగుల్ సొంత ప్లే బిల్లింగే వాడాలన్న షరతును. మీ పేపర్‌లో వరుస ఇలా ఉండాలి: ఏ మార్కెట్ (2022 ఉత్తర్వులో 'భారత్‌లో ఆండ్రాయిడ్ యాప్ స్టోర్ల మార్కెట్' అన్నారు, అదే తీసుకోండి), అందులో స్టోరు ఆధిపత్యం, తప్పు అనుకుంటున్న షరతు ఒప్పందంలో ఏ క్లాజులో ఉంది, అది ఆధిపత్య దుర్వినియోగం గురించిన సెక్షన్ 4లో దేని కిందికి వస్తుంది, మీ నెలవారీ అంకెలు, వేరే కోర్టుల్లో ఏమైనా నడుస్తుంటే అది, చివరన మీకు కావాల్సిన ఆదేశం. అబద్ధం రాస్తే జరిమానా ఉంది.

ప్రాథమికంగా పస ఉందనిపిస్తే సెక్షన్ 26(1) కింద డైరెక్టర్ జనరల్ విచారణకు పంపుతారు. లేదనిపిస్తే 26(2) కింద మూసేస్తారు. మధ్యంతర ఊరట మీద ఆశ పెట్టుకోవద్దు. 2024 మార్చి 15న చాయిస్ బిల్లింగ్ మీద విచారణకు ఆదేశించిన కమిషన్, ఐదు రోజులకే మధ్యంతర ఆదేశం ఇవ్వనంది. కాలం ఎంత పడుతుందో పాత గూగుల్ ప్లే బిల్లింగ్ కేసే చెబుతుంది: 2020 నవంబరులో విచారణ మొదలు, 2022 అక్టోబరులో ఉత్తర్వు, 2025 మార్చి 28న కమిషన్ ఉత్తర్వులపై అప్పీళ్లు వినే ట్రిబ్యునల్ ఎన్‌సీఎల్‌ఏటీ జరిమానాను 216.69 కోట్లకు తగ్గించినా దుర్వినియోగమన్న తేల్పును నిలబెట్టింది, 2025 ఆగస్టులో సుప్రీంకోర్టు అప్పీళ్లను స్వీకరించింది.

డబ్బు పందెం గేములవాళ్లు ఈ దారి గురించి ఆలోచించే ముందు 2025 ఆన్‌లైన్ గేమింగ్ చట్టం చదవాలి. ఆ గేములనే అది నిషేధించింది.

జరిమానా ఖజానాకు పోతుంది, మీకు రాదు. మీ నష్టం రాబట్టాలంటే తప్పు జరిగిందని తేలాక సెక్షన్ 53ఎన్ కింద ఎన్‌సీఎల్‌ఏటీలో పరిహారానికి వేరే దరఖాస్తు వేయాలి. అందులో నెలనెలా కోసిన మొత్తం, రీఫండ్లు తీసేసి, బయటి గేట్‌వే ఖర్చు మినహాయించి, ఒక్కో నెలకు ఒక్కో వరుసగా చూపాలి. అప్పటికి మీ కన్సోల్ ఖాతా ఉంటుందో లేదో చెప్పలేం కాబట్టి సీఎస్‌వీలు రెండు వేర్వేరు చోట్ల ఉంచండి.