కార్గో మొరాయిస్తే: రస్ట్ ప్యాకేజీల చిక్కులు, వాటి కారణాలు, పరిష్కారాలు

విజయవాడ మొగల్రాజపురంలో ఒక స్నేహితుడి మేడ మీద గదిలో ఆదివారాలు కొంతమందిమి కలిసి రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్చుకుంటున్నాం. గుంటూరు నుంచి కూడా పొద్దుటి రైలుకు కొందరు వస్తారు. భాష కష్టమని వెనక్కి వెళ్లినవాళ్లను నేను పెద్దగా చూడలేదు. ప్యాకేజీల (ఇతరులు రాసిపెట్టిన కోడ్ కట్టల) దగ్గర ఆగిపోయి, ఎవరిని అడగాలో తెలియక మానేసినవాళ్లను మాత్రం చూశాను. అందుకే మా దగ్గరికి మళ్లీ మళ్లీ వచ్చిన సమస్యలను ఇక్కడ రాస్తున్నాను. రస్ట్ 1.0 విడుదలైంది 2015 మే 15న. అప్పటి నుంచి ఆరు వారాలకోసారి కొత్త వెర్షన్ వస్తోంది. ప్యాకేజీలను తెచ్చిపెట్టి ప్రోగ్రాంను కట్టే దాని ప్యాకేజీ మేనేజర్ పేరు కార్గో, ప్యాకేజీలను క్రేట్లు అంటారు, అవి ఉండే చోటు క్రేట్స్.ఐఓ.

నా దగ్గర నడుస్తోంది, వాడి దగ్గర నడవట్లేదు

"అన్నా, ఒకటే కోడ్. నాకు టెస్టు పాసవుతోంది, వాడికి ఫెయిలవుతోంది" అని ఒకమ్మాయి రెండు ల్యాప్‌టాప్‌లు పక్కపక్కన పెట్టి చూపించింది. తెలుగు మాటలో ఎన్ని అక్షరాలున్నాయో లెక్కపెట్టే చిన్న ప్రోగ్రాం అది. "కృష్ణా" అని ఇస్తే ఒక ల్యాప్‌టాప్ 3 అంటోంది, ఇంకోటి 2 అంటోంది.

ముందు లెక్క సంగతి. రస్ట్‌లో స్ట్రింగ్ పొడవు అడిగితే వచ్చేది బైట్ల సంఖ్య. అన్ని లిపులకూ ఉన్న యూనికోడ్ ప్రమాణం అక్షరాల్లోని ఒక్కో భాగానికి ఒక కోడ్ ఇస్తుంది. తెలుగు కోడ్ ఒక్కోటి యూటీఎఫ్-8 అనే నిల్వ పద్ధతిలో 3 బైట్లు తీసుకుంటుంది. "కృష్ణా"లో క, ఋత్వం, ష, పొల్లు, ణ, దీర్ఘం కలిపి 6 కోడ్లు, అంటే 18 బైట్లు. మనం కంటితో చూసే అక్షరాలు రెండే: కృ, ష్ణా. ఈ మూడో లెక్క రస్ట్ ప్రామాణిక లైబ్రరీలో లేదు, యూనికోడ్-సెగ్మెంటేషన్ అనే క్రేట్ తెచ్చుకోవాలి. 2023లో వచ్చిన యూనికోడ్ 15.1లో తెలుగు సహా కొన్ని భారతీయ లిపుల సంయుక్తాక్షరాలను విడదీయకూడదనే నియమం చేరింది. ఆ నియమాన్ని పాటించే కొత్త వెర్షన్ ష్ణాను ఒకటిగా లెక్కపెడుతుంది. పాతది ష్‌ను ఒకటిగా, ణాను ఇంకోటిగా లెక్కపెడుతుంది. ఇద్దరి కోడూ సరైనదే, కానీ ఇద్దరి దగ్గరా ఆ క్రేట్ వెర్షన్ వేరు.

వేరెలా అయింది? ప్రాజెక్టుకు కావాల్సిన క్రేట్లను రాసే కార్గో.టామల్ ఫైల్లో "1.10" అని రాస్తే చాలామంది సరిగ్గా 1.10 వస్తుందనుకుంటారు. కార్గో దాన్ని "1.10 గానీ, 2.0 కంటే తక్కువలో దానికి పైది ఏదైనా గానీ" అని చదువుతుంది. మొదటి అంకె సున్నా అయితే హద్దు ఇంకా దగ్గర: "0.3" అంటే 0.4 లోపు మాత్రమే. ఈ హద్దుల్లో చివరికి ఏది ఎంచుకుందో కార్గో.లాక్ అనే ఫైల్లో రాసిపెడుతుంది. వీళ్ల ప్రాజెక్టులో ఆ లాక్ ఫైల్ గిట్‌లోకి (కోడ్ మార్పులను దాచి, అందరితో పంచే పరికరంలోకి) వెళ్లనే లేదు, గిట్ పట్టించుకోని ఫైళ్ల ఇగ్నోర్ జాబితాలో ఉంది. ఆ అబ్బాయి ఆర్నెల్ల కింద మొదలుపెట్టాడు, ఈ అమ్మాయి నిన్న క్లోన్ చేసింది, అంటే కోడ్ కాపీ దించుకుంది. ఎవరి రోజున ఏది దొరికితే అది వాళ్లకు వచ్చింది.

లైబ్రరీ రాసేవాళ్లు లాక్ ఫైల్‌ను గిట్‌లో పెట్టకూడదని ఒకప్పుడు సలహా ఉండేది. పాత పాఠాల్లో ఇప్పటికీ కనిపిస్తుంది. 2023లో కార్గో బృందమే దాన్ని మార్చి, మీ ప్రాజెక్టుకు ఏది బాగుంటే అది చేయండి అంది. ఇద్దరు ముగ్గురు కలిసి రాస్తున్నప్పుడు తప్పకుండా పెట్టమనే నేను చెబుతాను. ఇగ్నోర్ జాబితాలోంచి కార్గో.లాక్ వరుస తీసేయండి, ఫైల్‌ను కమిట్ చేయండి (గిట్‌లో నమోదు చేయండి), టెస్టులు నడిపేటప్పుడు కమాండ్ చివర లాక్డ్ అనే ఫ్లాగ్ (అదనపు సూచన) ఇవ్వండి. అప్పుడు లాక్ ఫైల్ మార్చాల్సిన పరిస్థితి వస్తే కార్గో తనంతట తాను మార్చేయకుండా ఆగి చెబుతుంది. మా వాళ్లు ఆ తర్వాత కార్గో.టామల్‌లో కనీస వెర్షన్ కూడా పెంచారు, ఎందుకంటే కొత్త లెక్కే తెలుగుకు సరైనది.

ఒక్కటి మాత్రం చేయకండి. ఏ తేడా వచ్చినా లాక్ ఫైల్‌ను డిలీట్ చేసి మళ్లీ బిల్డ్ కొట్టడం మా దగ్గర చాలామందికి అలవాటైపోయింది. అలా చేస్తే ఒక క్రేట్ కోసం మొత్తం క్రేట్లన్నీ మారిపోతాయి, అసలు తేడా ఎక్కడుందో ఇక పట్టుకోలేం. కార్గో అప్‌డేట్‌కు ఆ ఒక్క క్రేట్ పేరు ఇవ్వండి. ఫలానా వెర్షనే కావాలంటే ప్రిసైజ్ ఫ్లాగ్‌తో అది చెప్పండి. ఇద్దరి మార్పులు కలిపేటప్పుడు లాక్ ఫైల్లో కాన్‌ఫ్లిక్ట్ (ఇద్దరి మార్పులూ ఢీకొనడం) వస్తే చేత్తో సరిచేయాలని చూడొద్దు. ప్రధాన శాఖలో (అందరూ కలిసి వాడే అసలు కోడ్‌లో) ఉన్న కాపీని యథాతథంగా తీసుకుని కార్గో చెక్ నడపండి, మీరు కొత్తగా చేర్చినవి మాత్రమే దానికి చేరతాయి.

అడిగిందీ ఇచ్చిందీ ఒకటే, అయినా టైప్ కుదరదంటోంది

కొత్తవాళ్లను బాగా టెన్షన్ పెట్టే ఎర్రర్ ఇది. అర్రేబేస్ అనే టైప్ (విలువ రకం) కావాలి, కానీ అర్రేబేస్ వచ్చింది అంటుంది. గుంటూరు మిర్చి యార్డు ధరలతో వారాల సగటు తీసే ప్రోగ్రాం రాస్తూ ఇద్దరు విద్యార్థులు ఇక్కడ రెండు ఆదివారాలు ఆగిపోయారు. వాళ్లు అంకెల పట్టికలకు వాడే ఎన్‌డిఅర్రే క్రేట్ 0.16 తెచ్చుకున్నారు. అర్రేబేస్ అందులోదే. లెక్కలకు వాడిన ఇంకో క్రేట్ మాత్రం లోపల 0.15 దగ్గరే ఉంది.

ఆటోనగర్‌లో బోల్టు కొన్నవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది. పొడవు ఒకటే, లావు ఒకటే, మర ఒక్కటి తేడా. నట్టు రెండు చుట్లు తిరిగి బిగుసుకుపోతుంది. రస్ట్‌కు 0.15లోని అర్రే, 0.16లోని అర్రే రెండూ వేర్వేరు టైపులు. పేరు ఒకటైనంత మాత్రాన ఒకటి కావు. 1.2, 1.7 లాంటివి ఒకే హద్దులో ఉన్నవి కాబట్టి కార్గో మామూలుగా ఒకే కాపీకి తెస్తుంది. హద్దు దాటితే రెండు కాపీలనూ ప్రోగ్రాంలో ఉంచుతుంది.

ఎర్రర్ కింద చివర్లో ఒకే క్రేట్‌కు చెందిన రెండు వెర్షన్లు వాడుతున్నారేమో అని కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా మార్చే కంపైలరే చాలాసార్లు సూచిస్తుంది. పై వరుస చూసి కంగారుపడి కిందిదాకా చదవం. కార్గో ట్రీకి డూప్లికేట్స్ ఫ్లాగ్ ఇస్తే ఒకటికి మించి కాపీలున్న క్రేట్లు కనిపిస్తాయి. ఇన్వర్ట్ ఫ్లాగ్‌తో క్రేట్ పేరు, వెర్షన్ ఇస్తే దాన్ని ఎవరు తెచ్చారో తలకిందుల చెట్టులా చూపిస్తుంది. మా వాళ్లకు ఆ రెండో కమాండ్‌తోనే కారణం దొరికింది.

పరిష్కారంలో మొదటి మెట్టు, ఆ రెండో క్రేట్‌కు కొత్త వెర్షన్ వచ్చిందేమో చూడటం. రాకపోతే మీరే వెనక్కి తగ్గి 0.15 వాడండి, అందులో చిన్నతనం ఏమీ లేదు. ఆ క్రేట్ తాను వాడే ఎన్‌డిఅర్రేను తన పేరు కిందే బయటికి ఇస్తుంటే దాన్నే వాడండి, అప్పుడు తేడా వచ్చే వీలే ఉండదు. చివరి దారి, ఆ క్రేట్‌ను ఫోర్క్ చేసి (మీ సొంత కాపీ తీసుకుని), అందులో ఎన్‌డిఅర్రే వెర్షన్ పెంచి, టెస్టులు నడిపి, ఆ మార్పు తీసుకోమని పుల్ రిక్వెస్ట్ పంపడం. వాళ్లు తీసుకునేదాకా కార్గో.టామల్‌లో ప్యాచ్ విభాగం పెట్టి మీ ఫోర్క్‌ను చూపించుకోవచ్చు. ఆ ప్యాచ్ మీ ప్రాజెక్టు వరకే పనిచేస్తుంది. మీరు క్రేట్‌గా ప్రచురిస్తే దాన్ని వాడేవాళ్లకు వర్తించదు. మా విద్యార్థులు ఈ దారినే వెళ్లారు. ఓపెన్ సోర్స్‌లో వాళ్ల మొదటి మార్పు అదే.

కంపైలర్ పాతదైంది అంటోంది

కాలేజీ ల్యాబుల్లో ఇది మామూలే. ఉబుంటులో దాని సొంత ఇన్‌స్టాలర్ ఏపీటీతో రస్ట్ వేస్తే మామూలుగా పాత వెర్షనే వస్తుంది. కొత్త క్రేట్లు కొన్ని దాని మీద నడవవు. రస్ట్ సొంత ఇన్‌స్టాలర్ రస్టప్‌తో వేసుకోండి, హోమ్ ఫోల్డర్లోకే వెళ్తుంది కాబట్టి ల్యాబు అడ్మిన్ పాస్‌వర్డ్ అక్కర్లేదు. పాత కంపైలర్‌తోనే ఉండక తప్పదంటే కార్గో.టామల్‌లో రస్ట్-వెర్షన్ అనే వరుసలో అది రాయండి. 2025 జనవరిలో వచ్చిన 1.84 నుంచి, రిజాల్వర్ 3 (వెర్షన్లు ఎంచుకునే పద్ధతి) పెట్టుకుంటే, కార్గో ఆ వరుస చూసి దానికి సరిపడే క్రేట్లకే ప్రాధాన్యం ఇస్తుంది. రస్ట్ భాష 2024 ఎడిషన్ (నియమాల కూర్పు) ఎంచుకుంటే అదే డిఫాల్ట్.

లింకర్ సీసీ దొరకలేదు

ఇది రస్ట్ తప్పు కాదు, మెషీన్లో సీ కంపైలర్ లేదు. ఉబుంటులో బిల్డ్-ఎసెన్షియల్ వేయండి. ఓపెన్ఎస్ఎస్ఎల్ (నెట్ భద్రతకు వాడే లైబ్రరీ) దగ్గర ఆగితే పీకేజీ-కాన్ఫిగ్, లిబ్ఎస్ఎస్ఎల్-డెవ్ కూడా.

ఇండెక్స్ అప్‌డేట్ దగ్గరే ఆగిపోతోంది

ఫోన్ హాట్‌స్పాట్ మీద పనిచేసేవాళ్లకు వచ్చే చిక్కు. పాత కార్గో క్రేట్స్.ఐఓలో ఉన్న క్రేట్లన్నిటి జాబితానూ (ఇండెక్స్) గిట్ ద్వారా ముందే దించుకునేది. 2023 జూన్‌లో వచ్చిన 1.70 నుంచి మీకు కావాల్సిన క్రేట్ల వివరాలే తెచ్చుకుంటుంది. కాబట్టి వెర్షన్ పెంచడమే మొదటి మందు. ఎండాకాలం కరెంటు పోయి వైఫై ఆగే ఇళ్లలో ఉన్నవాళ్లు నెట్ ఉన్నప్పుడే కార్గో ఫెచ్ నడిపి పెట్టుకోండి. తర్వాత ఆఫ్‌లైన్ ఫ్లాగ్‌తో బిల్డ్ చేసుకోవచ్చు.

పొరపాటున ప్రచురించేశాను

ఒకబ్బాయి క్రేట్‌తో పాటు తన సర్వర్ పాస్‌వర్డ్ ఉన్న ఫైల్ కూడా పంపేశాడు. యాంక్ (ప్రచురించిన వెర్షన్‌ను వెనక్కి తీసుకునే కమాండ్) చేస్తే పోతుందనుకున్నాడు. యాంక్ చేసిన వెర్షన్‌ను కొత్త ప్రాజెక్టులు ఎంచుకోవు, అంతే. ఇప్పటికే లాక్ ఫైల్లో రాసుకున్నవాళ్లకు అది దొరుకుతూనే ఉంటుంది, ఫైల్ అక్కడే ఉంటుంది. ఇలా పెట్టడానికి మంచి కారణమే ఉంది. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్యాకేజీలుండే ఎన్‌పీఎంలో లెఫ్ట్-ప్యాడ్ అనే పదకొండు వరుసల ప్యాకేజీని దాని రచయిత తీసేస్తే, దాని మీద ఆధారపడ్డ ఎన్నో ప్రాజెక్టుల బిల్డ్‌లు ఆగిపోయాయి.

అందుకని ముందు పాస్‌వర్డ్ మార్చండి. అది అప్పటికే బయటపడిందనే లెక్క. తర్వాత యాంక్ చేసి, సరిచేసిన కొత్త వెర్షన్ పంపండి. ఇకపై ప్రచురించే ముందు కార్గో ప్యాకేజీకి లిస్ట్ ఫ్లాగ్ ఇచ్చి ఏయే ఫైళ్లు వెళ్తున్నాయో కళ్లతో చూసుకోండి.

రస్ట్ కంపైలర్‌నే బిల్డ్ చేయబోతే ల్యాప్‌టాప్ స్తంభించింది

రస్ట్ కంపైలర్ రస్ట్‌లోనే రాసింది. ముందటి కంపైలర్‌తో కొత్తదాన్ని, ఆ కొత్తదానితో మళ్లీ తననే కట్టుకుంటూ మెట్లుగా వెళ్తుంది. దాని కింద ఎల్ఎల్‌వీఎం అనే ఇంకో పెద్ద ప్రాజెక్టు ఉంది. అదంతా సొంతంగా కట్టబోతే మామూలు ల్యాప్‌టాప్ తట్టుకోలేదు. ఎక్స్ అనే స్క్రిప్ట్‌కు సెటప్ అని ఇచ్చి, మీరు చేసే పనికి తగిన ప్రొఫైల్ ఎంచుకోండి. ఎల్ఎల్‌వీఎం రెడీగా కట్టింది దిగేలా ఉందో లేదో చూసుకోండి. మార్పు చేసిన ప్రతిసారీ పూర్తి బిల్డ్ వద్దు, ఎక్స్ చెక్ చాలు. డిస్క్‌లో 30 జీబీ అయినా ఖాళీ ఉంచుకోండి. 8 జీబీ కంటే తక్కువ ర్యామ్ ఉన్నవాళ్లకు నేను డాక్యుమెంటేషన్‌తోనో, కోడ్‌లో లోపాలు చూపే క్లిప్పీతోనో మొదలుపెట్టమని చెబుతాను. అక్కడ కూడా నిజమైన పనే ఉంది.

పుల్ రిక్వెస్ట్ పంపాను, ఎవరూ పలకట్లేదు

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది ఇదే, ఎందుకంటే మంచి పని చేసినవాళ్లు ఇక్కడే నిరాశపడి వెళ్లిపోతారు. గుంటూరు బ్రాడీపేట నుంచి వచ్చే ఒకబ్బాయి రస్ట్ రిపాజిటరీకి (దాని కోడ్ ఉండే చోటుకు) చిన్న మార్పు పంపాడు. రివ్యూ చేసినాయన రెండు సవరణలు చెప్పారు. ఇతను ఆ రోజే చేసి పంపాడు. మూడు వారాలు మౌనం. "నేను తెలుగు మీడియం కదన్నా, నా ఇంగ్లీషు చూసి వదిలేసి ఉంటారు" అన్నాడు.

పేజీ తెరిచి లేబుల్ చూశాం. రచయిత కోసం ఎదురుచూస్తున్నాం అని ఉంది. రివ్యూవర్ సవరణలు అడిగినప్పుడు ఆ లేబుల్ పడుతుంది. మనం కొత్త కమిట్లు పంపినంత మాత్రాన అది మారకపోవచ్చు. అక్కడ లేబుళ్లు మార్చే ప్రోగ్రాం రస్ట్‌బాట్‌ను ఉద్దేశించి "రెడీ" అని ఒక కామెంట్ పెట్టాలి, అప్పుడు రివ్యూ కోసం ఎదురుచూస్తున్న వరుసలోకి వెళ్తుంది. ఇక్కడ ఇతను వాళ్ల కోసం, అక్కడ వాళ్లు ఇతని కోసం కాచుకుని ఉన్నారు. ఆ ఒక్క మాట రాసిన రెండు రోజులకు జవాబు వచ్చింది.

లేబుల్ సరిగానే ఉండి రెండు వారాలు దాటినా కదలిక లేకపోతే మర్యాదగా ఒకసారి గుర్తు చేయండి, తప్పుగా అనుకోరు. రివ్యూ చేసేవాళ్లలో చాలామంది సొంత ఉద్యోగం చేసుకుంటూ మిగిలిన సమయంలో చూసేవాళ్లే. పెద్ద మార్పయితే కోడ్ రాయకముందే రస్ట్ బృందాలు మాట్లాడుకునే చాట్ అయిన రస్ట్ జూలిప్‌లో ఆ బృందాన్ని అడిగితే మీ శ్రమ వృథా కాదు.

బాట్ నుంచి ఇంకో రెండు హెచ్చరికలు కూడా వస్తుంటాయి. ఒకటి మెర్జ్ కమిట్లు (రెండు శాఖలను కలిపినట్టు నమోదు చేసేవి) ఉన్నాయని. రస్ట్ రిపాజిటరీలో వాటిని ఒప్పుకోరు, మీ కమిట్లను ప్రధాన శాఖ చివర్లో మళ్లీ పేర్చి (రీబేస్ చేసి) మళ్లీ పుష్ చేయండి. రెండోది మీరు ముట్టుకోని సబ్‌మాడ్యూల్ (రిపాజిటరీ లోపల పెట్టిన ఇంకో రిపాజిటరీ) మారిందని. అన్ని ఫైళ్లనూ ఒకేసారి కమిట్ చేస్తే పాత సబ్‌మాడ్యూల్ సూచిక కూడా వెళ్లిపోతుంది. దాన్ని ప్రధాన శాఖలో ఉన్న స్థితికి తెచ్చి, ఆ కమిట్‌నే సవరించి పంపండి.

ఆమోదం వచ్చాక కూడా వెంటనే కలపరు. బార్స్ అనే బాట్ చాలా ప్లాట్‌ఫాంల మీద టెస్టులన్నీ నడిపి, అన్నీ పాసైతేనే కలుపుతుంది. అక్కడ ఫెయిలై తిరిగొస్తే లాగ్‌లో మొదటి ఎర్రర్ చదవండి. మీ మార్పుకు సంబంధం లేనిదైతే కామెంట్లో ఆ సంగతి రాయండి, రివ్యూవర్ మళ్లీ వరుసలో పెడతారు. మా బ్రాడీపేట అబ్బాయి మార్పు అలా ఒకసారి తిరిగొచ్చి, రెండోసారి కలిసింది.