అపార్ట్‌మెంటుకు ఆటోమేటిక్ గేటు: మోటారు కొనే ముందు చూసుకోవలసినవి

మోటారు ధర అడిగే ముందు టేపుతో స్థలం కొలవాలి. పక్కకు జరిగే గేటుకు దాని వెడల్పుతో పాటు మరో అర మీటరు వరకు గోడ వెంట ఖాళీ కావాలి. అంత చోటు లేనప్పుడు రెండు రెక్కల గేటు పెట్టుకోవచ్చు గాని, ప్రవేశం దగ్గర లోపలికి ఎక్కే ర్యాంపు ఉంటే లోపలికి తెరుచుకునే రెక్క అడుగుభాగం నేలకు తగులుతుంది. రెక్క రోడ్డు మీదికి తెరుచుకోకూడదు. ఎత్తైన భవనాల ఆవరణలోకి అగ్నిమాపక శకటం రావడానికి ప్రవేశద్వారం కనీసం 6 మీటర్ల వెడల్పు ఉండాలని జాతీయ భవన నిర్మాణ స్మృతి చెబుతోంది కనుక, బ్యారియర్ (వాహనాలను ఆపడానికి పైకి లేచి కిందికి దిగే అడ్డకర్ర) స్తంభాన్ని ఆ దారికి అడ్డంగా నిలపకూడదు.

బ్యారియర్ కారును ఆపుతుందే తప్ప మనిషిని, కుక్కను ఆపదు. రాత్రి భద్రత కావాలంటే గేటు కూడా ఉండవలసిందే. పాదచారులకు విడిగా చిన్న తలుపు పెట్టడం నా దృష్టిలో తప్పనిసరి.

ఖర్చు తగ్గించుకోవాలనిపించినా ఫోటోసెల్‌ను (దారికి అడ్డంగా కనిపించని కిరణం పంపే సెన్సర్‌ను) మాత్రం వదులుకోవద్దు. గేటు మూసుకుంటుండగా మధ్యలోకి పిల్లవాడు పరుగెత్తుకొస్తే, కిరణానికి అడ్డు తగిలిన వెంటనే మోటారు ఆగి వెనక్కి తిరిగేలా చేసేది అదే. బ్యారియర్‌కైతే, కింద వాహనం ఉందని పసిగట్టే లూప్ తీగ (చుట్టుగా పాతే తీగ) కూడా నేలలో వేయించాలి. అయితే అది లోహాన్నే గుర్తిస్తుంది కాబట్టి స్కూటర్లను ఒక్కోసారి పసిగట్టదు.

కరెంటు పోయినప్పుడు గేటును చేత్తో తెరవడానికి వాడే తాళంచెవి ఎక్కడుందో కాపలాదారుకు తెలియాలి. వైర్ల పైపులను సిమెంటు వేయకముందే పరిపించండి.