పాత పికప్ వెనక యాక్సిల్: షాఫ్టు కొనే ముందు హౌసింగు కొలవండి

పాత పికప్ బండిలో వెనక యాక్సిల్ షాఫ్టు (చక్రాన్ని తిప్పే ఇనుప కడ్డీ) విరిగితే కొత్తది తెచ్చి బిగించి, మర్నాడే లోడుకు పంపడం మన దగ్గర మామూలుగా జరిగే పని. విరిగింది షాఫ్టే అయినా, ఏళ్ల తరబడి అధిక బరువు మోసి వంగిన హౌసింగు, అంటే షాఫ్టులు లోపల తిరిగే ఇనుప గొట్టం, దానికి అసలు కారణం కావచ్చు. ఆ వంకరను అలాగే వదిలేస్తే కొత్త షాఫ్టు, కొత్త బేరింగు కూడా త్వరలోనే అదే దారి పడతాయి. అందుకే సామాను కొనకముందు కొలతలు తీసుకోవడమే ఈ పనిలో అన్నిటికంటే ముఖ్యమని నా నమ్మకం.

బండి కిందకు వెళ్లే ముందు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. మామూలు డిఫరెన్షియల్ (రెండు వెనక చక్రాలకూ శక్తిని పంచే గేర్ల భాగం) ఉన్న బండిలో ఒక షాఫ్టు విరిగితే, గేరులో ఉంచినా బండి వాలులో నిలవదు. చాలా పికప్‌లలో హ్యాండ్ బ్రేకు వెనక డ్రమ్ముల మీదే పనిచేస్తుంది కాబట్టి, వెనక చక్రాలు పైకి లేచాక అదీ ఉపయోగపడదు. కనుక చదునైన గట్టి నేల మీద ముందు చక్రాలకు రెండు వైపులా దిమ్మెలు పెట్టి, ఛాసిస్‌ను జాకీతో ఎత్తి, వెనక కమాను కట్టల (ఆకుల స్ప్రింగుల) ముందు కొసకు కాస్త ముందుగా గట్టి స్టాండ్ల మీద నిలపాలి. ఇటుకలు, రాళ్లు పెట్టకూడదు. జాకీ ఒక్కటే మోస్తున్న బండి కిందకు ఎవరూ దూరకూడదు.

యాక్సిల్ ఏ రకమో చక్రం చూస్తేనే తెలుస్తుంది. హబ్బు నడుమ ముందుకు పొడుచుకొచ్చిన ఫ్లాంజి (షాఫ్టు కొసనున్న గుండ్రటి బిళ్ల), దాని చుట్టూ వరుస బోల్టులు ఉంటే అది ఫుల్ ఫ్లోటింగ్ రకం. ఇందులో బండి బరువును హౌసింగే మోస్తుంది, షాఫ్టు చక్రాన్ని తిప్పుతుందంతే. అందువల్ల చక్రం విప్పకుండానే షాఫ్టును బయటకు లాగవచ్చు. చక్రం బోల్టులు షాఫ్టు ఫ్లాంజికే బిగించి ఉంటే అది సెమీ ఫ్లోటింగ్ రకం. ఇందులో షాఫ్టు బరువునూ మోస్తుంది కాబట్టి అది విరిగితే చక్రం, డ్రమ్ముతో సహా ఊడి రావచ్చు. అలాంటి బండిని ఆ చక్రం మీద లాక్కెళ్లడం ప్రమాదకరం.

ఇక కొలతలు. టైర్ల నడిమి గాడిలో ఒక్కో సుద్ద గుర్తు పెట్టి, హబ్బు ఎత్తులో టైర్ల ముందు వైపున ఆ రెండు గుర్తుల మధ్య దూరం కొలవాలి. తర్వాత చక్రాలను అరచుట్టు తిప్పి, అవే గుర్తులు వెనక వైపుకు వచ్చాక మళ్లీ కొలవాలి. సరైన హౌసింగులో ఈ రెండు కొలతలు దాదాపు సమానంగా ఉండాలి. తర్వాత బండిని సమతలం మీద నిలిపి రిమ్ము పక్కన కొసకు బరువు కట్టిన తూకపు దారం వేలాడదీస్తే చక్రం ఎటు వాలిందో తెలుస్తుంది. అధిక లోడుకు హౌసింగు నడుమ కిందకు దిగితే చక్రాల పై అంచులు లోపలికి వాలతాయి, టైరు లోపలి అంచు ముందుగా అరుగుతుంది. ఒకే వైపు ఆయిల్ సీలు మార్చినా మళ్లీ మళ్లీ కారడం కూడా ఈ వంకరకు గుర్తు కావచ్చు, అయితే ఆ నింద హౌసింగు మీద వేసే ముందు దాని పైనున్న బ్రీదరు (గాలి బయటకు పోయే చిన్న గొట్టం) మట్టితో మూసుకుపోయిందేమో చూడాలి, ఎందుకంటే లోపలి గాలి వేడికి వ్యాకోచించి బయటపడే దారి లేక ఆయిలును సీలు గుండా తోస్తుంది.

హౌసింగు సరిగ్గా ఉంటే షాఫ్టు మార్చడం పెద్ద పని కాదు. సెమీ ఫ్లోటింగ్ రకాల్లో సాధారణంగా డ్రమ్ము తీసి, షాఫ్టు ఫ్లాంజి రంధ్రం గుండా బ్రేకు ప్లేటు నట్లు విప్పి, స్లైడ్ హ్యామరుతో (కడ్డీ మీద జారే బరువుతో వెనక్కి కొట్టి లాగే పనిముట్టుతో) లాగాలి. కొన్ని రకాల్లో మాత్రం డిఫరెన్షియల్ లోపల సి ఆకారపు క్లిప్పు షాఫ్టును పట్టి ఉంచుతుంది కాబట్టి వెనక మూత విప్పక తప్పదు. లోపల మిగిలిన విరిగిన ముక్కను, చిన్న చిన్న ఇనుప తునకలను అయస్కాంతంతో వెతికి తీయకపోతే అవి డిఫరెన్షియల్‌లోని క్రౌన్ (పెద్ద పళ్ల చక్రం), పినియన్ (దాన్ని తిప్పే చిన్న పళ్ల చక్రం) పళ్లను పాడుచేస్తాయి. విరిగిన చోట గవ్వ మీది గీతల్లాంటి చారలు కనిపిస్తే పగులు చాలాకాలంగా పెరుగుతూ వచ్చిందని అర్థం, కాబట్టి రెండో వైపు షాఫ్టును కూడా అనుమానించి పరీక్షించాలి.

బేరింగును పట్టి ఉంచే రింగును గ్యాసుతో కోయకూడదు. ఆ వేడికి షాఫ్టుకు ఇచ్చిన గట్టిదనం పోతుంది. రింగులో కొంతవరకే రంధ్రం చేసి, షాఫ్టుకు తగలకుండా ఉలితో చీల్చాలి, కొత్త బేరింగును ప్రెస్సుతో ఎక్కించాలి. విరిగిన షాఫ్టును వెల్డింగు చేసి వాడవచ్చని ఎవరైనా చెబితే ఒప్పుకోవద్దు.

హౌసింగు వంగినా, పగిలినా, పూర్తి యాక్సిల్‌నే మార్చడం మంచిది. విజయవాడ ఆటోనగర్ వంటి చోట పాతది తీసుకునేటప్పుడు ఈ కొలతలు మళ్లీ తీసుకోవాలి. కమాను కట్టలు కూర్చునే చోట్ల మధ్య దూరం, మొత్తం వెడల్పు, డ్రమ్ము సైజు, చక్రం బోల్టుల సంఖ్య, ప్రొపెల్లర్ షాఫ్టు (గేర్ బాక్సు నుంచి శక్తిని వెనకకు తెచ్చే షాఫ్టు) ఫ్లాంజి మన బండికి సరిపోవాలి. రేషియో (క్రౌన్, పినియన్ పళ్ల నిష్పత్తి) కూడా అంతే ముఖ్యం. క్రౌన్‌కు 41 పళ్లు, పినియన్‌కు 9 పళ్లు ఉంటే రేషియో సుమారు 4.56. ఫోర్ వీల్ డ్రైవ్ బండిలో వెనక రేషియో ముందుదానితో సరిపోకపోతే గేర్లు పాడవుతాయి. క్రౌన్, పినియన్ జతగానే తయారవుతాయి కనుక ఒకదాన్ని విడిగా మార్చకూడదు.

విప్పేటప్పుడు ప్రొపెల్లర్ షాఫ్టుకు, ఫ్లాంజికి కలిపి ఒక గుర్తు పెట్టుకుంటే తిరిగి అదే స్థితిలో బిగించవచ్చు. బ్రేకు పైపు కొసను మూసి ఉంచాలి. యాక్సిల్ చేతులతో దించదగ్గ బరువు కాదు, ట్రాలీ జాకీ అవసరం. బిగించేటప్పుడు కమాను కట్ట సెంటర్ బోల్టు తల యాక్సిల్ మీది రంధ్రంలో సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. పాత యూ బోల్టులు (కమాను కట్టను యాక్సిల్‌కు పట్టి ఉంచేవి) సాగి ఉంటాయి కాబట్టి కొత్తవే వేసి, బండి బరువు చక్రాల మీదకు దించాక అడ్డదిడ్డంగా కాక ఎదురెదురు మూలలకు మార్చుతూ మాన్యువల్‌లోని టార్కుకు (బిగింపు బలానికి) బిగించాలి. మాన్యువల్ వేరే గ్రేడు చెప్పకపోతే హైపాయిడ్ గేర్లకు (పినియన్ క్రౌన్ మధ్యకు కాక పక్కకు జరిగి ఉండే రకం) జీఎల్-5 గ్రేడు గేరు ఆయిల్ వాడాలి, బండిని సమతలం మీద నిలిపి నింపే రంధ్రం అంచు దాకా పోయాలి. బ్రేకుల్లోని గాలి తీసేసి, పెడల్ గట్టిగా ఉందని చూసుకున్నాకే బండి కదిలించాలి.

లోడు కోసం కమానుకు అదనపు ఆకు వేయించడం మన ప్రాంతంలో అలవాటు. ఆ ఆకు కట్ట బలాన్ని పెంచుతుందే తప్ప హౌసింగు బలాన్ని పెంచదు, కాబట్టి కొత్త యాక్సిల్ వేశాక బరువును రిజిస్ట్రేషన్ పత్రంలో ఉన్న పరిమితిలోనే ఉంచాలి. మొదట ఖాళీ బండిని కొద్ది దూరం నడిపి హబ్బులు రెండూ చేతితో తాకి చూడాలి, ఒకటి రెండోదానికంటే బాగా వేడెక్కితే బేరింగును, బ్రేకును మళ్లీ పరిశీలించాలి. మొదటి 500 కిలోమీటర్లలోపు యూ బోల్టులను మరోసారి టార్కు రెంచితో బిగించాలి.