కుక్కకి సప్లిమెంట్ కొనే ముందు గిన్నెలో ఏముందో చూడండి

వైజాగ్‌లో పెట్ షాప్‌కి వెళ్తే కాల్షియం సిరప్, లివర్ టానిక్, మల్టీవిటమిన్, చేప నూనె అన్నీ వరసగా పేర్చి ఉంటాయి. కొత్తగా కుక్కపిల్లని తెచ్చుకున్నవాళ్ళు ముందు కొనేది కాల్షియమే. డబ్బులిచ్చే ముందు ఒక్కటి తేల్చుకోండి, మీ కుక్క రోజూ ఏం తింటోంది?

ప్యాకెట్ ఫుడ్డే పెడుతూ, దాని మీద ఆ వయసుకి సంపూర్ణ ఆహారమని రాసుంటే కాల్షియం అక్కర్లేదు. లాబ్రడార్, జర్మన్ షెపర్డ్, గ్రేట్ డేన్ లాంటి పెద్ద జాతి పిల్లలకైతే అస్సలు వద్దు. ఆరు నెలల్లోపు పిల్లల పేగులకి ఎక్కువైన కాల్షియాన్ని ఆపడం సరిగ్గా చేతకాదు, వచ్చిందాంట్లో చాలావరకు ఒంట్లోకి లాగేసుకుంటాయి, దాంతో ఎముకల ఎదుగుదల దెబ్బతిని కాళ్ళు వంకరపోవచ్చు. కాళ్ళు గట్టిపడాలని ప్రేమగా పోసిన సిరప్పే ఆ పని చేస్తే ఎంత బాధగా ఉంటుందో ఆలోచించండి.

ఇంటి తిండైతే లెక్క వేరు. అన్నం, ఎముకల్లేని చికెన్ మాత్రమే పెడితే ఫాస్ఫరస్ ఉంటుంది గానీ కాల్షియం చాలదు, జింక్, అయోడిన్, విటమిన్ ఇ కూడా తగ్గుతాయి. ఇలాంటి కుక్కకి సప్లిమెంట్ నిజంగానే కావాలి, కాకపోతే అంచనాతో వేయకూడదు. వారం రోజులు ఏది ఎంత పెట్టారో రాసుకుని, బరువు చూయించి, డాక్టర్ దగ్గర మోతాదు రాయించుకోండి.

మన ఉక్కపోతకి చర్మం సమస్యలు ఎక్కువ. దురద అనగానే చేప నూనె కొనేయకుండా ముందు గోమార్లు, ఫంగస్ ఉన్నాయేమో చూపించండి. అవి లేవని తేలాక కొంటే, సీసా ముందు వైపు పెద్దక్షరాల్లో ఉన్న 1000 మి.గ్రా. చూసి మోసపోవద్దు, అది మొత్తం నూనె బరువు. వెనక్కి తిప్పండి. మామూలు క్యాప్సూల్‌లో ఒమేగా-3 కొవ్వులైన ఇపిఎ 180, డిహెచ్ఎ 120 మి.గ్రా. ఉంటాయి, అంటే పనికొచ్చేది 300 మాత్రమే. వాటి అంకెలు విడిగా రాయని సీసా కొనకండి. కాడ్ లివర్ ఆయిల్ దీనికి బదులు కాదు, అందులో ఎ, డి విటమిన్లు ఎక్కువ, రోజూ పోస్తే ఒంట్లో పేరుకుని విషమవుతాయి. అవిసె నూనె మంచిదే అయినా కుక్క ఒంట్లో అది ఇపిఎ, డిహెచ్ఎగా మారేది చాలా తక్కువ. మన వేడికి చేప నూనె త్వరగా చెడిపోతుంది, చిన్న సీసా కొని ఫ్రిజ్‌లో పెట్టండి, వాసన మారితే పారేయండి. ఫిషింగ్ హార్బర్ నుంచి కవళ్ళు (సార్డిన్ చేపలు) తెచ్చుకునేవాళ్ళు ఉప్పు, కారం లేకుండా ఉడికించి ముళ్ళు తీసి పెట్టినా ఒమేగా-3 అందుతుంది. పచ్చివి వద్దు, ఎండు చేప అసలే వద్దు, ఉప్పు ఎక్కువ.

ముసలి కుక్క కుంటుతుంటే గ్లూకోసమైన్ అనే కీళ్ళ సప్లిమెంట్ కంటే ముందు బరువు తగ్గించండి, కీళ్ళకి దాన్ని మించింది లేదు. గ్లూకోసమైన్ పనిచేస్తుందనడానికి ఆధారాలు బలంగా లేవు.

కుక్క డల్‌గా ఉండి తిండి మానేస్తే మాత్రం టానిక్‌తో రోజులు గడపకండి. చెవుల లోపల, వేళ్ళ సందుల్లో గోమార్లు వెతకండి, చిగుళ్ళు పాలిపోయాయేమో చూడండి, వెంటనే రక్త పరీక్ష చేయించండి. గోమార్ల వల్ల వచ్చే టిక్ ఫీవర్‌కి మందు కావాలి, విటమిన్లు దాన్ని తగ్గించవు.

మనుషుల గమ్మీలు, షుగర్ ఫ్రీ సిరప్‌లు ఎప్పుడూ పెట్టొద్దు. వాటిలో జైలిటాల్ అనే తీపి పదార్థం ఉంటే కొంచెమైనా కుక్క షుగర్ ఒక్కసారిగా పడిపోతుంది, లివర్ కూడా దెబ్బతినొచ్చు.

ఏది మొదలుపెట్టినా ఒక్కొక్కటే పెట్టండి, విరేచనాలైతే దేనివల్లో తెలుస్తుంది. చర్మంలో తేడా కనిపించడానికి 6 నుంచి 8 వారాలు పట్టొచ్చు. ఈలోగా ఆపరేషన్ ఏదైనా ఉంటే చేప నూనె వాడుతున్నట్టు డాక్టర్‌కి ముందే చెప్పండి, రక్తం గడ్డకట్టడం మీద దాని ప్రభావం ఉండొచ్చు.